బండలో చుక్క, ట్యాంకరు బందు

దొనబండపల్లెలో నీళ్లున్నాయని ప్రభుత్వానికి చెప్పింది నేనే. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడి ఉన్నాను. నీళ్లున్నాయి. ఎక్కడున్నాయో, ఎంతున్నాయో, ఎప్పటివో కూడా చెప్పాను. మొదటి మాట విని లేచి చప్పట్లు కొట్టేసి, మిగతా మూడు మాటలు వినే ఓపిక మా వాళ్లకి లేకపోతే అందుకు నన్ను తిట్టుకుంటే ఏం లాభం?

నా పేరు చంద్రకళ. శిలాగర్భ జల మండలిలో జియాలజిస్టును. రాతి కింద నీళ్లెక్కడున్నాయో వెతకడం మా మండలి పని. దొరక్కపోతే, దొరకలేదన్న సంగతిని దొరికినంత గొప్పగా రాయడం రెండో పని. ఈ రెండో పనిలో మాకు మంచి పేరుంది.

దొనబండపల్లె అనంతపురం వైపు ఊరు. ఊరి పక్కన ఏనుగుల మంద పడుకున్నంత నల్లబండ. దాని నెత్తిన వాననీళ్లు చేరే గుంట ఒకటి ఉంది, దాన్నే దొన అంటారు. ఊరికి ఆ పేరు అలా వచ్చింది. బడి పక్కనున్న ఊరి బోరు ఎండిపోయి చాలాకాలమైంది. రోజు మార్చి రోజు వచ్చే ట్యాంకరుతో ఊరు బతుకుతోంది. ఆ ట్యాంకరు తోలేది మస్తాన్ అనే మంచి మనిషి. హారన్ కొట్టకుండానే, ఇంజను చప్పుడు గుర్తుపట్టి ఊరంతా బిందెలతో బయటికొచ్చేసేది.

ఆ ఊరికి నీళ్లు చూడమని మమ్మల్ని పంపారు. మేం వెళ్లి బండ పక్కన బోరు లోతుగా దింపాం. మాది మామూలు బోరు బండి కాదు, రాతిని పిండి చెయ్యకుండా పొడుగాటి కడ్డీలుగా కోసి పైకి తీసే యంత్రం. నీళ్లు పడలేదు. తడి కూడా తగల్లేదు. కానీ ఆ కడ్డీల్లో అక్కడక్కడా పగుళ్లు, ఆ పగుళ్ల గోడలకి తెల్లగా, గాజులా మెరిసే రాయి.

నాకైతే పండగే పండగ! మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అదే సున్నపు సరుకు ఇది. ఒకప్పుడు ఆ పగుళ్లలో నీళ్లు పారాయన్నమాట. పారినంతకాలం ఈ తెలుపు గోడలకి పొర మీద పొరగా పేరుకుంది. నీళ్లు దండిగా ఉన్నప్పుడు మందమైన పొర, తగ్గినప్పుడు పలచటి పొర, లేనప్పుడు ఏమీ లేదు. ఉల్లిపొరంత పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే అంతా గీతలు గీతలుగా కనిపిస్తుంది. పొర పెరిగేటప్పుడు ఆనాటి నీటిచుక్క ఒకటి లోపల ఇరుక్కుపోవడం కూడా కద్దు. పొరని బట్టి కాలం చెప్పొచ్చు, చుక్కని బట్టి ఆ నీళ్లు తియ్యనివో ఉప్పనివో చెప్పొచ్చు. నాకు దొరికిన చుక్క వయసు సుమారు మూడు లక్షల ఏళ్లు. నేలలో ఇంకి సున్నం పట్టిన వాన నీరే. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. క్యాంటీన్‌లో అందరికీ మైసూరు బజ్జీలు తినిపించాను.

తర్వాత రిపోర్టు రాశాను. ఈ బండలో ఒకప్పుడు నీళ్లు పారాయి, ఇప్పుడు లేవు, కాబట్టి ఊరికి ఇంకో దారి చూడండి అని స్పష్టంగా రాశాను.

మా డైరెక్టరు త్రివిక్రమరావుగారు ఉత్సాహవంతులు. ఏడాదికో ఉత్సాహం. ఒక ఏడాది జిల్లాలోని బోర్లన్నిటికీ పుట్టినరోజులు చేయించారు. ఇంకో ఏడాది ప్రతి చెరువుకీ ఒక ఈమెయిల్ చిరునామా ఇప్పించారు. జవాబివ్వని చెరువులకి సంజాయిషీ నోటీసులు కూడా వెళ్లాయి. ఆ ఏడాది ఇంకా ఏ ఉత్సాహమూ తగలక ఆయన దిగులుగా ఉన్నారు. సరిగ్గా అప్పుడు నా రిపోర్టు వెళ్లింది. పిలిపించారు. మైక్రోస్కోపు మోసుకుంటూ వెళ్లాను.

ఆయన కళ్లజోడు తీసి, ఒక కన్ను మూసి, వంగి చూశారు. చాలాసేపు అలాగే ఉండిపోయారు.

"చుక్క!" అన్నారు.

"అవును సార్."

"నీటి చుక్క!"

"అవును సార్. మూడు లక్షల ఏళ్ల నాటిది."

"ఇది ఏ గ్రామానికి చెందినది?"

"దొనబండపల్లె సార్."

ఆయన తలెత్తి సూపరింటెండెంటు శఠగోపంగారి వైపు చూశారు. శఠగోపంగారు మా ఆఫీసులో నిబంధనలన్నీ నోటికి వచ్చిన ఏకైక మనిషి. నిబంధన చెప్పేటప్పుడు ఆయన కళ్లు మూసుకుంటారు.

"ఆ గ్రామంలో నీరు లేదన్న కారణం చేతనే కదా మనం ట్యాంకరు పంపుతున్నాం?" అని అడిగారు డైరెక్టరుగారు.

శఠగోపంగారు కళ్లు మూశారు. "నీటి వనరు బొత్తిగా లేని గ్రామములకు మాత్రమే ట్యాంకరు సదుపాయము వర్తించును. అందు 'బొత్తిగా' అని ఉన్నది సార్."

"బొత్తిగా! మరి ఇదేమిటి?"

"అది ఇప్పటి నీరు కాదు సార్" అన్నాను.

"నీరా, కాదా?"

"నీరే. కానీ సార్, సూదిమొన మీద పెట్టినా జారిపడేంత చుక్క అది."

"చంద్రకళగారూ," అన్నారాయన బాధగా, "పరిమాణం మీద వివక్ష చూపడం శాస్త్రవేత్తకి తగదు."

శఠగోపంగారు అప్పటికే క్యాలిక్యులేటరు తీశారు. బండ ఎంత, బండలో పగుళ్లెన్ని, పగులుకి చుక్కలెన్ని అని గుణించుకుంటూ పోయారు. ఆ పద్ధతిలో పోతే ఎవరి బండలోనైనా సముద్రం తేలుతుంది. వచ్చిన అంకె చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత నీటిని నెత్తిన పెట్టుకుని ఆ ఊరివాళ్లు మన ట్యాంకరు తాగుతున్నారా అన్నట్టు డైరెక్టరుగారికి నిజంగా కోపం వచ్చింది.

మర్నాడే సర్క్యులరు వెళ్లింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, దొనబండపల్లె గ్రామము అతి ప్రాచీన కాలము నుండి నీటి నిల్వ కలిగియున్నట్లు శాస్త్రీయముగా నిర్ధారణ అయినందున, సదరు గ్రామమును 'ప్రాచీన జల సమృద్ధ గ్రామము'గా ప్రకటించి, ట్యాంకరు సదుపాయమును తక్షణము ఉపసంహరించడమైనది. గ్రామస్థులకు మండలి తరఫున హృదయపూర్వక అభినందనలు."

అభినందనలు అందుకున్న ఊరు మా ఆఫీసుకి తరలివచ్చింది. ముందు సర్పంచి ఓబుళమ్మ, వెనక ఖాళీ బిందెలతో పదిపన్నెండుమంది ఆడవాళ్లు. ఓబుళమ్మకి యాభై దాటి ఉంటాయి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆ రోజు మాత్రం నవ్వడంలేదు.

శఠగోపంగారు అలవాటు ప్రకారం ఆమె భుజం మీదుగా వెనక్కి చూశారు. సర్పంచి ఆడమనిషైతే ఆయన ఎప్పుడూ ఆమె వెనక మొగుడికోసం వెతుకుతారు.

"మీ ఆయన రాలేదా అమ్మా?"

"ఆయప్ప నీళ్లకి పోయినాడు సార్, మీ పుణ్యాన."

డైరెక్టరుగారు మాత్రం ఎంతో ఆప్యాయంగా లేచి ఎదురొచ్చారు. "రావమ్మా రా! అదృష్టవంతులు మీరు. మీ ఊరి నీళ్లు చూపిస్తాను" అని ఆమెని మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు. ఓబుళమ్మ వంగి చూసింది.

"కనబడిందా?"

"కనబడింది సార్. ఇది నా కంట్లో ఏసుకునేకి గూడా చాలదే!"

"చాలవలసిన అవసరం లేదమ్మా. దాహం అనేది వినియోగానికి సంబంధించిన అంశం. మా మండలి పరిధిలోకి లభ్యత ఒక్కటే వస్తుంది."

"సరే సార్. లభ్యమైంది గదా, తీసియ్యండి. బిందెలు తెచ్చినాం."

"తీయకూడదు. పగలగొడితే పోతుంది. అక్కడ ఉండడంలోనే ఉంది దాని గొప్పతనం."

"బడిలో పిల్లోళ్లకి అన్నం వండేకి నీళ్లు లేవు సార్. పొయ్యి వెలిగించలా. మధ్యాన్నం ఇంటికి పంపిచ్చేస్తాండారు. ఇంటికాడ మాత్రం ఏముండాది?"

"ఆ పిల్లలకే చెప్పాలమ్మా! మీరు మూడు లక్షల ఏళ్ల నీటికి వారసులు అని చెప్పండి. ఎంత పొంగిపోతారో!"

ఓబుళమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి లేచింది. వరండాలో నన్ను పట్టుకుంది.

"నీళ్లుండాయని రాసింది నువ్వేనంట గదా మేడమ్మా?"

"ఒకప్పుడు ఉండేవని రాశాను ఓబుళమ్మా."

"మా యవ్వ గూడా ఇదే మాట చెప్పేది. ఒకప్పుడు బోలెడు నీళ్లుండేవని. మా యవ్వ మాట పట్టుకోని ట్యాంకరు ఎవురూ నిలపలేదే?"

నా మొహం మాడిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో గ్లాసుడు నీళ్లు తాగబోయి, గ్లాసు అక్కడ పెట్టి కాసేపు డైరెక్టరుగారిని, కాసేపు శఠగోపంగారిని, చివరికి ఆ చుక్కని కూడా తిట్టాను. ఆఫీసులో నాకు కోపిష్టి అని పేరుంది. అది ఊరికే వచ్చిన పేరు కాదు.

మూడు లక్షల ఏళ్ల నీళ్లు దొరికాక వాటికి రక్షణ కావాలి కదా. మీటింగు పెట్టారు. "ఈ అపురూప జలనిధికి పొంచి ఉన్న ప్రధాన ముప్పు ఏమిటి?" అని అడిగారు డైరెక్టరుగారు. అందరూ నావైపు చూశారు. అడిగినదానికి జవాబు చెప్పడం నాకున్న జబ్బు.

"కొత్త నీళ్లు సార్. వాన నీరు పగుల్లోకి దిగితే పాత పొర కరగొచ్చు."

"అంటే," అన్నారు డైరెక్టరుగారు మెల్లగా, "నీటికి నీటి వల్లనే ముప్పు."

ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే, దాన్ని పెద్ద బోర్డు మీద రాయించి బండ దగ్గర పాతించారు. కింద షరతులు. బండ చుట్టుపక్కల ఎవరూ బోరు వేయరాదు. బిందె, చెంబు, తడిబట్ట తీసుకుపోరాదు. బండ మీద చెమట కార్చరాదు. వాన పడకుండా బండ మొత్తానికి టార్పాలిన్ పట్టా కప్పారు. ఆ పట్టా కొనుగోలు ఫైలు మీద శఠగోపంగారు స్వయంగా రాసిన శీర్షిక: "నీటిని వాన నుండి కాపాడుట గురించి."

బండకి కాపలా ఎవరు? ట్యాంకరు ఆగిపోవడంతో మస్తాన్ ఖాళీగా ఉన్నాడు. నీళ్లు తోలే మనిషిని నీళ్లు రాకుండా చూడమని కూర్చోబెట్టారు. మొదటిరోజే తనిఖీకి వచ్చిన శఠగోపంగారు, నిషిద్ధ ప్రాంతంలో నీళ్ల సీసా ఉంచుకున్నందుకు మస్తాన్‌కి మెమో ఇచ్చారు.

"తాగేకి సార్" అన్నాడు మస్తాన్.

"ఎందుకైనా సరే. అది కొత్త నీరు."

ఊరి ఆడవాళ్లు పక్క ఊరి తోటల్లోని బోరు దగ్గరికి నడిచి వెళ్లేవారు. కరెంటు ఉంటేనే మోటారు, మోటారు ఉన్నా రైతుకి మనసొస్తేనే నీళ్లు. వేరుశనగ తడికి చాలకపోతే పొమ్మనేవాడు. బడి పొయ్యి మీద పిల్లి పిల్లలు పెట్టింది.

ఒక సాయంత్రం వాన దంచి కొట్టింది. తెల్లారి నేను జీపులో వెళ్లేసరికి, ఊరంతా బండ కింద జాతరలా ఉంది! అంత పెద్ద టార్పాలిన్ పట్టా, దానికి ఊరివైపు వాలు. పట్టా అంచుల కింద డ్రమ్ములు, బిందెలు, వంటగిన్నెలు, పెళ్లికి వాడే గంగాళాలు, ఎవరిదో ఉయ్యాల తొట్టె కూడా! మస్తాన్ ఒళ్లంతా తడిసి ముద్దై, కర్ర చేత్తో పట్టుకుని, అందరినీ వరస తప్పకుండా నిలబెడుతున్నాడు.

"ఏం మస్తాన్, ఇదేనా కాపలా?"

"బండ మీద ఒక్క చుక్క పడనీలేదు మేడమ్. అంతా ఇట్లా కిందికే పోనిస్తాండా" అన్నాడు మర్యాదగా.

మండలి తమకిచ్చిన మొట్టమొదటి పనికొచ్చే వస్తువు ఆ పట్టాయేనని ఓబుళమ్మ నాతో అంది. నేను నవ్వాపుకోలేక జీపు వెనక్కి వెళ్లాను. కానీ వార్త ఆఫీసుకి చేరిపోయింది. పట్టా మండలిది కనక పట్టా మీద పడ్డ వాన కూడా మండలిదేనని శఠగోపంగారు తేల్చారు. పట్టా వాలు మార్పించి రోడ్డువైపు తిప్పించారు. ఆ పైవారం వానకి రోడ్డు సుబ్బరంగా తడిసింది. ఊళ్లో ఖాళీ డ్రమ్ములు మళ్లీ మోగాయి. నాకిక నవ్వు రాలేదు.

ఇంతలో మా మంత్రిగారు వస్తున్నారని కబురు. ప్రాచీన జలనిధిని జాతికి అంకితం చేసి శిలాఫలకం ఆవిష్కరిస్తారట. మా మండలిలో బోరు పడకపోయినా పలక పడుతుంది. మన దగ్గర ఏ పని పూర్తయిందో చెప్పలేం గానీ, ఎవరి పేరు ఎక్కడ చెక్కారో చెప్పొచ్చు. ఆ పలక కోసం డైరెక్టరుగారు ఎన్నిసార్లు అక్షరాల సైజు మార్పించారో! మంత్రిగారి పేరు అరచేయంత, డైరెక్టరుగారిది బొటనవేలంత, జియాలజిస్టుది లేదు.

సభకి ముందు రోజు నేను బండ దగ్గర షామియానాలో ఫ్లెక్సీ కట్టిస్తున్నాను. నా రాతిపొరల ఫోటోని తలుపంత పెద్దగా అచ్చు వేయించారు. ఓబుళమ్మ వచ్చి దాని ముందు నిలబడింది.

"ఈ గీతలేంది మేడమ్మా?"

చెప్పాను. ఇది మంచి వానల కాలం, మందంగా ఉంది చూడు. ఇది కరువు, సన్నగా ఉంది. ఇదిగో ఇక్కడ మళ్లీ నీళ్లొచ్చాయి.

"చివర ఈ ఖాళీ ఏంది?"

"అది ఇప్పటి కాలం. ఇప్పుడు నీళ్లు లేవు కదా, పొర పడలేదు."

"అంటే ఎవురి కాలంలో నీళ్లుండాయో, ఎవురి కాలంలో లేవో, దీన్ని చూసి ఎప్పటికైనా చెప్పేయొచ్చా?"

"చెప్పేయొచ్చు."

"చెరిపేసేకి అయితాదా?"

"కాదు."

ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. ఆమె పగలబడి నవ్వుతోంది.

మర్నాడు మంత్రిగారు వచ్చారు, పట్టుగుడ్డ లాగారు, ముందు తన పేరులో అక్షరాలన్నీ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకున్నారు. డైరెక్టరుగారు ఉపన్యాసమిచ్చారు. "నీరు లేని చోట నీరివ్వడం ఎవరైనా చేయగలరు. నీరు ఉన్నదని నిరూపించి ఇవ్వకుండా కాపాడడం మా మండలికే సాధ్యమైంది." చప్పట్లు. తర్వాత వందన సమర్పణకి సర్పంచిని పిలిచారు. ఓబుళమ్మ మైకు ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, పలక బాగుండాది. తమరికి ముందున్నాయన పలక గూడా బాగానే ఉండె. తమరు వచ్చినాక దాన్ని పీకేసినారు, మేం తీసకపోయి గుడ్డలుతికే బండగా ఏసుకున్నాం. ఏం చేస్తాం, పలకలంటే అంతే. కానీ ఈ మేడమ్మ చెప్తాంది, ఈ బండలో గీతల్ని మాత్రం ఎవురూ పీకలేరంట. మూడు లచ్చల ఏండ్ల గీతలు అట్లే ఉండాయంట. వాన బాగా కురిపిచ్చిన కాలానికి లావు గీత, లేకపోతే గీతే ల్యా. అందుకని, తమరి గీత ఏదో చూపిస్తే, మా ఊరి ఆడోళ్లమంతా దానికి బొట్టు పెట్టుకోని పోతాం."

మంత్రిగారి మొహం వెలిగింది. ఫ్లెక్సీ వైపు తిరిగారు. "ఏదీ, నాది ఏది?"

డైరెక్టరుగారు నావైపు చూశారు. నేను కర్ర తీసుకుని వెళ్లి చివరి ఖాళీ మీద పెట్టాను. "ఇది సార్."

"అక్కడేమీ లేదే?"

"అవును సార్. అదే."

"అంటే... రేపెప్పుడో తవ్వి చూసేవాళ్లు?"

"ఈ కాలంలో ఈ ఊళ్లో చుక్క నీరు లేదని రాసుకుంటారు సార్."

"ప్రతిపక్షం వాళ్లకి ఇది దొరికితే!"

"ఇంకో మూడు లక్షల ఏళ్లకి ఏ పక్షం ఉంటుందో చెప్పలేం సార్."

"వాళ్లే ఉంటారు! ఇలాంటివాటి కోసమే కూర్చుని ఉంటారు!" మంత్రిగారికి నిజంగానే చెమటలు పట్టాయి. ఆ చెమట బండ మీద పడకుండా శఠగోపంగారు రుమాలు అందించారు. "ఏమిటయ్యా త్రివిక్రమరావూ, జాతికి అంకితం చేయడానికి నా ఖాళీ దొరికిందా నీకు?"

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "వెంటనే గీత వేయిస్తాను సార్! చంద్రకళగారూ, పెయింటర్‌ని—"

"పెయింటు పనికిరాదు సార్. నీళ్లు కావాలి. పగుల్లో నీళ్లు పారాలి."

"ఎంత? ఎక్కడ?"

నా జీవితంలో శాస్త్రం నాకు ఇంత ముద్దొచ్చిన క్షణం ఇంకోటి లేదు. ఆ పగులు బండ నెత్తిన దొనలో తెరుచుకుని, ఏటవాలుగా దిగి, బడి పక్కనున్న ఎండిపోయిన బోరులోకి చేరుతుందని నాకు కడ్డీలు చూసిన రోజు నుంచే తెలుసు.

"దొనలో పోయాలి సార్. రోజూ పోయాలి. నిలవ నీరు పనికిరాదు, కదులుతూ ఉండాలి. అంటే కింద బోరు దగ్గర ఎవరో ఒకరు తోడుతూనే ఉండాలి."

"తోడడానికి సిబ్బందిని మంజూరు చేయవలెనన్న..." అంటూ శఠగోపంగారు కళ్లు మూయబోయారు.

ఓబుళమ్మ నిట్టూర్చింది. "కష్టమే సార్. పగలూ రేయీ తోడాల గదా. అయినా మంత్రిగారి గీత కోసరం ఆ బాధేదో మేమే పడతాం లెండి."

డైరెక్టరుగారికి ఒక్క సందేహం మిగిలింది. "కొత్త నీళ్లకి పాత పొరలు కరుగుతాయన్నారు కదా?"

"పాత పొరలు ఎవరివయ్యా?" అన్నారు మంత్రిగారు. "మనవాళ్లవి కాదుగా!"

పట్టా ఆ సాయంత్రమే తీసేశారు. మస్తాన్ మళ్లీ ట్యాంకరెక్కాడు. దొనబండపల్లె కాగితాల మీద ఇప్పటికీ ప్రాచీన జల సమృద్ధ గ్రామమే. మనుషులకి ట్యాంకరు వర్తించదు. బండకి వర్తిస్తుంది. మనుషులకి రోజు మార్చి రోజు వచ్చేది, బండకి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మస్తాన్ దొనలో గొట్టం పెడతాడు, నీళ్లు పగుల్లోకి గుడగుడమని దిగుతాయి, కింద బడి పక్కన మోటారు వేస్తారు. బోరు ధారగా పోస్తుంది.

నెల తిరిగేసరికి డైరెక్టరుగారు అడిగారు, గీత పడిందా అని. ఏ గీతైనా కంటికి ఆనాలంటే కొన్ని వేల ఏళ్లు కావాలి సార్ అన్నాను. ఈలోగా ఒక్క వేసవి ఆపితే మాత్రం అక్కడ ఖాళీ పడుతుంది, అది ఎవరి హయామో ఇట్టే తెలిసిపోతుంది అని కూడా అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ట్యాంకరు ఆపరాదని ఫైలు మీద ఎర్రసిరాతో రాసి, రెండు గీతలు కొట్టారు. ఆయన బదిలీ అయి వెళ్లాక కొత్త డైరెక్టరుగారు వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నా గీత ఎప్పటినుంచి మొదలవుతుంది?"

మొన్న దొనబండపల్లె వెళ్లాను. బడి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పిల్లలు పళ్లాలు కడుక్కుంటూ ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటున్నారు. వాళ్లని తిడుతూ ఓబుళమ్మ బోరు దగ్గర బిందె నింపుతోంది. నన్ను చూసి చెంబు కడిగి నిండా పట్టి చేతికిచ్చింది.

"తాగు మేడమ్మా. మంత్రిగారి గీత."

తాగాను. చల్లగా ఉన్నాయి, ప్రాణం లేచొచ్చింది. అయినా నాలో జియాలజిస్టు ఊరుకోదు కదా.

"సున్నం లేని ఇంత తియ్యటి నీళ్లకి పొర కట్టదు ఓబుళమ్మా. ఈ మాట అక్కడ నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఎన్నివేల ఏళ్లు పోసినా గీత పడదు. రేపు తవ్వి చూసినవాళ్లు, పోశామని రాసిన ఆ నీళ్లన్నీ ఏమయ్యాయని అడిగితే?"

ఓబుళమ్మ బిందె ఎత్తి నడుమున పెట్టుకుంది.

"మూడు లచ్చల ఏండ్లకి వచ్చి అడుగుతారు గదా? తాగేసినామని చెప్తాంలే."